ఊపిరియు బల్లెమును

గోదావరిఖనిలో భూగర్భ గనులయందు పనిచేసి విరమించిన పెద్దలతో కొంతసేపు మాటలాడినవారి కెల్లరకు అనుభవమునకు వచ్చు సంగతి యొకటి కలదు. వారు జీతమును గూర్చియు, లాభాల వాటాను గూర్చియు, కూలిన కప్పులను గూర్చియు చెప్పుదురు గాని, గాలిని గూర్చి చెప్పునప్పుడు మాత్రము వారి గొంతు మారును. ఈ సంవాదమున మామ అట్టివాడు. బొగ్గుబాయిలో సర్దారుగా పనిచేసి, గని ప్రమాదములయందు శ్వాసయంత్రము వీపున గట్టుకొని లోనికి పోవు రెస్క్యూ దళమున శిక్షణ పొందినవాడు. అల్లుడు ఆయన చెల్లెలి కుమారుడు. కాలిఫోర్నియాలోని మాంటెరే ప్రాంతమున ఉద్యోగము చేయుచు, ఆ తీరమున నీటిలో పెరుగు కెల్ప్ అను మహాశైవాలముల అడవులలో, వీపున గాలితొట్టి లేక ఒక్క ఊపిరితో మునిగి, రాక్‌ఫిష్, లింగ్‌కాడ్ అను చేపలను బల్లెముతో కొట్టు వేట నేర్చినవాడు. సెలవులకు ఇల్లు చేరిన అల్లునకును మామకును నడుమ, ఎల్లంపల్లి జలాశయపు చేపల పులుసు ముందిడుకొని నడచిన వాదమును, ఇరువురి మాటల బలము చెడకుండ ఇచ్చట కూర్చితిని.

మామ: అల్లుడా, నీకు ఉద్యోగము కలదు, అంగడిలో చేప దొరకును, ఇంట అన్నమునకు కొదువలేదు. అట్టివాడవు నల్లని రబ్బరు తొడుగులో దూరి, నడుమునకు సీసపు దిమ్మల పటకా బిగించి, పది పదిహేను డిగ్రీల చలినీటిలో తలక్రిందుగా దిగి, గాలి లేని చోట జీవహింస చేయుట యెందులకు? మేము బాయి దిగినది పొట్టకొరకు. దిగినవారి గాలిని కాపాడుటకు పైన ఫాన్ రాత్రింబవళ్ళు తిరుగుచుండెను. పని జరుగు చోట ప్రాణవాయువు నూటికి 19 పాళ్ళకు తగ్గరాదనియు, బొగ్గుపులుసు వాయువు అరపాలు మించరాదనియు, మీథేను 1.25 పాళ్ళు దాటినచో కరెంటు ఆపి మనుష్యులను వెలుపలికి తేవలెననియు మాకు చట్టము. నేను సేఫ్టీ ల్యాంపు చేతబట్టి, వత్తి తగ్గించి, మంటపై లేచు నీలి క్యాపును చూచి గ్యాసు పరీక్షించినవాడను. మంట తనంత తాను కుంగి మలిగిన చోట ప్రాణవాయువు 16, 17 పాళ్ళకు దిగినదని గ్రహించి, వెనుకనున్నవారిని వెనుకకే మరలించినవాడను. గాలి కొరకు ఇన్ని కట్టుబాట్లు చేసికొన్న మనుష్యులలో పుట్టి, నీవు ఆ గాలిని నీ యిష్టముచేతనే పైన విడిచి దిగుచున్నావు. 2003 జూన్ 16న మన యేడవ నంబరు ఎల్ఈపీ గనిలోనికి నీరు విరుచుకొనిపడి 17 మంది పోయిరి. నీటిలో మనిషి ప్రాణమెంతసేపు నిలుచునో ఈ ఊరివారికి ఒకరు చెప్పవలెనా?

అల్లుడు: ఆ పదునేడుగురిని తలచిన పిమ్మట నా వినోదమును ఆ ప్రక్కన నిలుపుటకు నాకు నోరు రాదు, మామా. వారు కోరి నీట మునిగినవారు కారు. కావున అపాయము లేదని నేను వాదింపను. దాని స్వరూపమెరిగియే దిగుచున్నానని మాత్రము మనవిచేయుదును. ఎందులకు దిగుదువని అడిగితిరి. పడవమీదినుండి చూచువానికి ఆ కెల్ప్ నీటిపై తేలు గోధుమవన్నె ఆకుల చిక్కు మాత్రమే. తల ముంచినంతనే, అడుగు బండనుండి నీటిమట్టము వరకు నిలిచిన కాండములును, వాని నడుమ ఏటవాలుగా దిగు వెలుతురును కానవచ్చును. జయంట్ కెల్ప్ అనుకూలమైన ఋతువున దినమునకు రెండడుగుల వరకు పెరుగును. ప్రతి యాకు మొదటను ఒక గాలిబుడ్డ యుండి దానిని నిటారుగా నిలుపును. దాని నీడలో నీలి రాక్‌ఫిష్ గుంపులుగా నడినీట నిలిచియుండగా, అడుగున బండ చూరు క్రింద, పెద్ద నోరును మచ్చల మేనును గల లింగ్‌కాడ్ కదలక పొంచియుండును. నేను నీటిమీద బోరగిల పడుకొని, గుండె నెమ్మదించు వరకు మామూలుగా శ్వాసించి, ఒక నిండు ఊపిరి తీసికొని నడుము వంచి దిగుదును. పది మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపై, రొమ్ములోని గాలి సగమునకు కుదించుకొనిపోవును. అంతవరకు పైకి తేల్చుచున్న నీరే అచ్చటినుండి క్రిందికి లాగుకొనును. ముఖమునకు చన్నీరు తగిలిన కారణమున గుండె తనంత తాను మెల్లగా కొట్టుకొనును. అప్పుడు బండప్రక్క కదలక యున్న నాకును, నేనెవడనో చూడవచ్చిన చేపకును నడుమ నిమిషమైన నిండని ఆ కాలమున జరుగునదంతయు హింసయే యనుట న్యాయము కాదు. నేనచ్చట చూచినంత శ్రద్ధగా ఒడ్డున దేనిని చూడలేదు.

మామ: ఆ బుడ్డలో ఏ గాలి యుండును?

అల్లుడు: గ్యాసు పరీక్షించినవారు అడుగవలసిన ప్రశ్నయే అడిగితిరి. ఉత్తరపు తీరమున బుల్ కెల్ప్ అని మరియొక జాతి కలదు; పొడవైన ఒకే కాండము, దాని కొనను ఒకే పెద్ద బుడ్డ. ఆ బుడ్డలో మామూలు గాలితోపాటు కొంత కార్బన్ మోనాక్సైడు సైతము ఉండునని శతాబ్దము క్రిందటనే రసాయనజ్ఞులు కనుగొనిరి.

మామ: ఔరా! గనిలో ప్రేలుడు జరిగిన పిమ్మట, ప్రేలుడున చావనివారిని చంపునది ఆ వాయువే. రంగు లేదు, వాసన లేదు. సెల్ఫ్ రెస్క్యూయర్ అను డబ్బాను నడుమున మోసినది దాని భయముచేతనే. సరే, మొక్క దానిని బుడ్డలో మూసి యుంచుకొన్నది, నీకు బాధ లేదు. నీ రొమ్ములో ఏమి జరుగునో అది చెప్పుము.

అల్లుడు: ఊపిరి పీల్చవలెనను తహతహ ప్రాణవాయువు తరిగినందువలన పుట్టదు, మామా, బొగ్గుపులుసు వాయువు పేరుకొన్నందువలన పుట్టును. ఈ సంగతి తెలియనివాడు మునుగుటకు ముందు గబగబ రొప్పి, ఆ వాయువును మితిమీరి వెలుపలికి నెట్టివేయును. అటుపైన అడుగున వానికి హాయిగానే యుండును, పిలుపు రాదు, ప్రాణవాయువు మాత్రము తరిగిపోవుచునే యుండును. లోతున ఒత్తిడి యున్నంతసేపు ఆ మిగిలిన కొంచెమే మెదడునకు చాలును. పైకి వచ్చుకొలది ఒత్తిడి సడలి, ఆ కొంచెమే చాలనిదగును. అందుచేత మనిషి లోతున కాక, చేతికందు దూరమున వెలుతురు కనబడుచుండగా, కడపటి కొద్ది మీటర్లలోనో, పైకి తేలిన పిమ్మటనో స్పృహ దప్పును. నొప్పి యుండదు, పెనుగులాట యుండదు.

మామ: ఇది నేనెరిగినదే. బొగ్గుపులుసు వాయువు నిండిన పాత పనిలోనికి పోయినవాడు ముందుగా రొప్పును, తల బరువెక్కును. వెనుదిరుగుటకు వానికి గడువుండును. కప్పు గుంతలో మీథేను చేరి గాలిని త్రోసివేసిన చోట తల యెత్తినవాడు దగ్గడు, రొప్పడు. మోకాళ్ళు వంగును, అంతే. చెప్పకయే తీసికొనిపోవునదే అన్నిటికంటె చెడ్డ గాలి. అందుచేతనే రెస్క్యూ దళమున ఒంటరిగా పోవుట యనునది లేదు. దళము దళముగానే పోవలెను. ప్రెషర్ గేజీని నాయకుడు మాటిమాటికి చూచుచుండవలెను. ఒకడు తడబడినచో అందరును వెనుదిరుగవలెను. నీవు ఎవరితో పోవుదువు?

అల్లుడు: ఇరువురము పోవుదుము. ఒకరు మునిగినప్పుడు రెండవవాడు నీటిమీద నుండి చూచుచుండవలెను. ఇరువురును ఒక్కమారు మునుగరాదు. తేలినవాడు తేలిన వెంటనే కాక, అర నిమిషము గడచువరకు వానినుండి చూపు మరల్చరాదు. పటకా ఒక్క లాగుడుతో ఊడిపోవునట్లు కట్టుకొందుము. కెల్ప్ కాళ్ళకు చుట్టుకొన్నచో గింజుకొనక, ఆగి, కాండమును అడ్డముగా విరిచిన పుటుక్కున తెగును. గింజుకొన్నవానికే అది ఉచ్చు.

మామ: ఇరువురున్నను నీటిలో పది మీటర్లకు ఆవల నేమి కనబడును? ఇదివరకే యొక చేపను చూచి ఆశపడినవాడు రెండవవానిపై చూపు నిలుపునా?

అల్లుడు: నీరు మసకయైన దినమున దిగకుండుటయే నియమము. ఆశ సంగతి మీరన్నది నిజమే. పెక్కు అపాయములు చేప కనబడిన పిమ్మటనే జరుగును. ఇంకొక్క క్షణము, ఇంకొక్క క్షణము అని ఆగుటలోనే ఊపిరి లెక్క తప్పును.

మామ: ఊపిరి మాట అట్లుంచుము, అది నీ ప్రాణము, నీ యిష్టము, మీ అమ్మకు జవాబు నీవే చెప్పుకొందువు. చేప ప్రాణము నీ యిష్టము కాదు. దానిని గూర్చి మాటలాడుదము.

అల్లుడు: అచ్చటనే నా పక్షము బలమైనది. ట్రాలు వల అడుగున నున్నదానినెల్ల ఈడ్చుకొనివచ్చును. గాలమునకు ఏ చేప తగులునో వేసినవానికి తెలియదు. రాక్‌ఫిష్ పొట్టలోని గాలితిత్తికి వెలుపలికి దారి లేదు. లోతునుండి గాలముతో లాగినప్పుడు ఆ తిత్తి ఉబ్బి, జీర్ణాశయము నోటిలోనికి తన్నుకొనివచ్చును, కన్నులు బయటికి పొడుచుకొనివచ్చును. చిన్నదనియో, నిషిద్ధజాతి యనియో దానిని తిరిగి నీట విడిచినను, బరువు కట్టి లోతునకు దింపనిచో అది తేలియే చచ్చును. నేను ముందు చూచుదును, జాతిని గుర్తింతును, కొలతను అంచనా వేయుదును, అటుపైననే కొట్టుదును. లింగ్‌కాడ్ 22 అంగుళములకు తక్కువైనచో కాలిఫోర్నియాలో పట్టరాదు. దినమునకు రెండింటికి మించి పట్టరాదు. సందేహమున్న చేపను విడిచిపెట్టుదును. దాని మాంసము కొన్నింట పచ్చిగా నున్నప్పుడు నీలముగా నుండి, ఉడికిన తెల్లనగును. దానిలో ఒక ముక్కయైన పారవేయను. ఒక ఊపిరికి ఒక చేప, అదియు తరచు లేదు. ఇంతకంటె మితమైన వేట యేది?

(ఇచ్చట నా మాట యొకటి. నీటిలో మందుగుండు ప్రేల్చి గాని, విషము కలిపి గాని చేపలను చంపుట నేరమని మన దేశమున 1897 నాటి మత్స్యచట్టమే చెప్పినను, తెలుగునాట మడుగులలో తోటాలు ప్రేల్చుటయు, కరెంటు తీగ వేయుటయు నేటికిని వినవచ్చుచున్నవి. ఒక్క ప్రేలుడునకు పట్టదగినదియు, పట్టదగనిదియు, నిన్న పుట్టినదియు ఒక్కటిగా తేలును. మునిగిపోయినవి లెక్కకే రావు. ఆ పని చేయువానికిని, చేపను గుర్తించు వరకు బల్లెము విడువనివానికిని నడుమనున్న దూరము చాల గొప్పదని నేను నమ్ముచున్నాను. ఈ యొక్క విషయమున నేను అల్లుని పక్షమువాడను.)

మామ: నీ మాట నీ మెడకే చుట్టుకొనుచున్నది, అల్లుడా. వలకు కన్నులు లేవు. అది తల్లిని తెచ్చినను, పిల్లను తెచ్చినను దానిని నిందించువాడు లేడు. నీకు కన్నులున్నవి. చూచి కొట్టువాడవు గనుకనే నీ లెక్క కఠినముగా నుండవలెను. మన కొరమేను సంగతి యెరుగుదువా? అది తెలంగాణమునకు రాష్ట్రమత్స్యము. వానలు పడగానే చెరువు అంచున గడ్డిలో ఆకులు తొలగించి గూడు చేసికొని గ్రుడ్లు పెట్టును. పొదిగిన పిల్లలు ఎర్రగా, వందలకొలది ఒకే గుంపుగా, నీటిమీదికి వచ్చి గాలి పీల్చి మునుగుచుండును. తల్లిదండ్రులు ఆ గుంపు క్రిందనే కాచియుండును. ఎర్రని చాయ కదలుట చూచినవానికి పెద్దచేప యెచ్చటనున్నదో వెదుకనక్కరలేదు. క్రిందికి పోటు వేసిన చాలును. పోటు పడిన క్షణమునుండి ఆ పిల్లలు పక్షుల పాలు, కప్పల పాలు, ఇతర చేపల పాలు. మా నాయన ఆ గుంపును చూచినచో గాలమును చుట్టి ప్రక్కకు పెట్టెడివాడు. నీ లింగ్‌కాడ్ గ్రుడ్లు పెట్టదా?

అల్లుడు: శీతకాలమున పెట్టును. డిసెంబరు మొదలు మార్చి వరకు, బండ నెర్రెలో తెల్లని ముద్దగా. పుచ్చకాయంత పెద్దదియు నుండును. ఆడచేప గ్రుడ్లు పెట్టి పోవును. అవి పొదుగు వరకు, ఇంచుమించు ఏడు వారములు, మగచేప ఒక్కటియే కావలి యుండును.

మామ: మనిషి దగ్గరకు వచ్చినచో?

అల్లుడు: కదలదు. మిక్కిలి దగ్గరకు పోయినచో ఎదురు వచ్చును.

మామ: కొట్టుటకు మీ చట్టము ఒప్పునా?

అల్లుడు: పడవమీదినుండి గాలము వేయువారికి శీతకాలమున కొన్ని నెలలు వేట మూసివేయుదురు. ఒడ్డునుండి గాలము వేయువారిని, మునిగి కొట్టువారిని ఆ మూతనుండి చాలకాలముగా మినహాయించిరి. మునుగువారు లోతునకు పోలేరనియు, చూచి కొట్టుదురనియు, సంఖ్యలో కొద్దిమందియే యనియు దానికి కారణము.

మామ: అనగా చట్టము నీ కన్నులను నమ్మి తలుపు తెరచినది. ఆ కన్నులతోనే, గ్రుడ్లముద్ద ప్రక్క పారిపోక నిలిచిన చేపను చూచి నీవు బల్లెము విడిచినచో, అందు నేర్పేమున్నది? అది వేటయా? నిలుచుట దాని ధర్మము గనుక నిలిచినది.

అల్లుడు: మాలో పెద్దలైన వేటగాండ్రు పెక్కురు గ్రుడ్లు కాచు మగచేపను కొట్టరు, మామా. నేనును కొట్టను. చట్టము విడిచిన చోట మనము పట్టుకొనవలెనని మీరన్నది నాకు సమ్మతమే. అయితే ఆ యడవిలో చేపలు తరుగుట మునుగువారి వలన కాదని కూడ మీరు వినవలెను. 1990ల కడపటికి అమెరికా పశ్చిమతీరమున అడుగుచేపల వేట కుప్పకూలెను. 2000లో ప్రభుత్వమే దానిని విపత్తుగా ప్రకటించెను. ఆ చేపలను తరుగగొట్టినవి పెద్ద పడవలు, పెద్ద వలలు. అటుపైన విశాలములైన సముద్రభాగములను మూసిరి, వాటాలు విధించిరి. లింగ్‌కాడ్ 2005 నాటికి కోలుకొన్నదని తేల్చిరి. కాలిఫోర్నియాలో 1999 నాటి చట్టము ననుసరించి తీరమంతట రక్షితభాగములను ఏర్పరచి 2012 నాటికి ముగించిరి. ఆ హద్దులలో నేను బల్లెము తీసికొనిపోను.

మామ: కోలుకొన్నది లింగ్‌కాడ్. ఆ రాక్‌ఫిష్ ఎన్నాళ్ళు బ్రతుకును?

అల్లుడు: జాతిని బట్టి యుండును. లోతున నుండు రఫ్‌ఐ అను జాతి 200 ఏండ్లు దాటి బ్రతుకునని చెవిలోని రాతి వలయములు లెక్కించి చెప్పిరి. కెల్ప్‌లో నుండువానిలో సైతము కొన్ని నాలుగైదు దశాబ్దములు బ్రతుకును. అవి గ్రుడ్లు పెట్టవు; పిల్లలనే కనును. వయసు మీరిన తల్లులు పెక్కు పిల్లలను కనుటయే కాక, నల్ల రాక్‌ఫిష్ విషయమున, వాని పిల్లలు ఆకలికి తాళి త్వరగా పెరుగుననియు తేల్చిరి.

మామ: అట్లయిన నా మాట విను. ఈ పులుసులోని బొచ్చె ఎల్లంపల్లిలో విడిచిన పిల్ల. ఏడాదికి కిలో తూగును. దానిని పట్టుటకు గంగపుత్రులును, ముదిరాజులును, వారి సొసైటీలును కలవు. అది వారి జీవనము. పట్టినదానికి బదులు వచ్చే ఏడు మరల పిల్లలను విడుచుదురు. నీ రాక్‌ఫిష్ అట్టిది కాదు. నేను బాయిలో చేరిన యేట పుట్టి, నేను రిటైరైన పిమ్మట కూడ ఈదుచున్న చేపను నీవు ఒక్క పోటుతో తెచ్చినచో, దాని బదులు ఎవరు విడుచుదురు? అది పంట కాదు, అల్లుడా, అది బొగ్గు. తవ్వినంత తరుగును. మేము అట్టిదానిని తవ్వియే బ్రతికితిమి గనుక ఈ మాట చెప్పుచున్నాను: తరుగుదానిని తీయువాడు ఎంత మిగిలినదో లెక్క వ్రాసికొనవలెను. మీ చట్టము చిన్నదానిని కొట్టవద్దనును. పెద్దదానిని కొట్టవద్దని ఎవరైన చెప్పిరా?

అల్లుడు: కాలిఫోర్నియాలో లింగ్‌కాడ్‌కు క్రింది కొలత కలదు గాని పై కొలత లేదు. మీరు చెప్పినది బుద్ధికి తోచుచున్నది. అయితే మాట యిమ్మని అడిగినచో ఇవ్వలేను. మునుగువాడెవడైనను మనసులో కోరునది ఆ పెద్దచేపనే. అది ఎదుట నిలిచినప్పుడు చేయి ఆగునని ఇక్కడ కూర్చుండి చెప్పుట సత్యము కాదు.

మామ: ఇవ్వలేనని చెప్పితివి, అది మేలు. నేను మరల అడుగుదును.

అల్లుడు: నన్ను కూడ ఒకటి అడుగనిండు. చేపను గూర్చి యింత విచారించితిరి. అడవిని గూర్చి విచారింపలేదు. 2013లో సముద్రనక్షత్రములకు ఒక తెగులు సోకి, వానిలో పెద్దదైన పొద్దుతిరుగుడు నక్షత్రము ఆ తీరమున ఇంచుమించు తుడిచిపెట్టుకొనిపోయెను. సీ అర్చిన్ అను ప్రాణులను, ఊదారంగు సముద్రపు ముళ్ళకాయలను, ముఖ్యముగా తినునది అదియే. ఆ వెంటనే 2014 మొదలు 2016 వరకు సముద్రము వేడెక్కెను. చలినీరు కోరు కెల్ప్ నీరసించెను. తినువాడు లేని ముళ్ళకాయలు మిగిలిన కెల్ప్‌ను కొరికివేసెను. ఉత్తర కాలిఫోర్నియాలో బుల్ కెల్ప్ నూటికి తొంబది పాళ్ళకు పైగా నశించెను. దానిపై బ్రతుకు అబలోనీ అను సముద్రపు నత్తలు ఆకలికి మాడగా, 2018లో వాని వేటను మూసివేసిరి. నేను ఒక్క చేపను కొట్టకున్నను ఆ యడవి నిలుచుట లేదు. ఆ వేడికి కారణమైన పొగలో ఈ ఊరి బొగ్గు కూడ కొంత కలదు, మామా.

మామ: కలదు. రామగుండము ఎన్టీపీసీ పొగగొట్టములు మన మిద్దెపైనుండియే కనబడును. ఈ బొగ్గుతో వెలిగిన దీపము క్రిందనే నీవు చదువుకొంటివి, నేనును అన్నము తింటిని. దానిని నేను కాదనను. దానికి జవాబు నేనొక్కడను చెప్పుకొనగలది కాదు. అంతవరకు చేతనైన పని యేదైన కలదా? ఆ ముళ్ళకాయలను కొట్టవచ్చునా?

అల్లుడు: కొన్ని చోట్ల కొట్టనిచ్చిరి. మెండొసీనో తీరమున కాస్పర్ కోవ్‌లో 2020లోను, మాంటెరేలో ట్యాంకర్ రీఫ్ అను చోట 2021లోను అనుమతించిరి. మునిగి, సుత్తితో ఒక్కొక్కదానిని చితుకగొట్టవలెను. కెల్ప్ పోయిన చోట ఆ కాయలలోపల తినుటకు ఏమియు నుండదు. ఖాళీ డిప్పతోనే ఏండ్ల తరబడి బ్రతికి, మొలచిన ప్రతి కెల్ప్ మొక్కను కొరుకును. గంటలకొలది కొట్టినను బండ యొక మూల మాత్రమే తేటపడును.

మామ: నీవు పోవుదువా?

అల్లుడు: అప్పుడప్పుడు పోవుచున్నాను. బల్లెమున్నంత మనసు దానిపై లేదు.

మామ: మనసు లేకున్నను షిఫ్టు నడుచును, అల్లుడా. ముప్పది యేండ్లకు పైగా నాకు బాయి దిగవలెనని ఏ తెల్లవారునను మనసు పుట్టలేదు, దిగితిని. ఆ సుత్తిపనికి పోయిన దినములు బల్లెపు దినములకంటె తక్కువ కాకుండ చూచుకొనుము. అప్పుడు నీ పెద్దచేప సంగతి నాతో మాటలాడుటకు నీకు హక్కు కలుగును.

అల్లుడు: ఆ సుత్తిపని ఒక్క ఊపిరితో ముగియునది కాదు, మామా. గాలితొట్టి వీపున గట్టుకొని, గేజీ చూచుకొనుచు చేయవలెను.

మామ: గేజీ యున్నదా? అట్లయిన రేపు పొద్దుననే పొమ్మందును.